లూణీ: ఏడాదిలో కొన్ని రోజులే పారే నదిని నది అనవచ్చునా?

పెన్నగట్టు

సభ్యులందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. ఉద్యోగరీత్యా మూడేళ్లుగా జోధ్‌పూర్‌లో ఉంటున్నాను. ఉగాదికి రెండు రోజుల ముందు బాలోత్రా దగ్గరి తిల్వాడా గ్రామంలో జరిగే మల్లీనాథ పశువుల సంతకు వెళ్లాను. అక్కడివారి లెక్కలో అది చైత్ర కృష్ణ ఏకాదశి నాడు మొదలవుతుంది. వారి మాసం పౌర్ణమితో ముగుస్తుంది గనుక మన పంచాంగంలో అది ఫాల్గుణ బహుళ ఏకాదశి అవుతుంది. అక్కడి నుంచి చైత్ర శుద్ధ ఏకాదశి దాకా సంత సాగుతుంది. జరిగేది లూణీ నది నడిగర్భంలో, ఎండిన ఇసుక మీద. మలానీ గుర్రాలు, ఒంటెలు, కాంక్రేజ్ ఎడ్లు అన్నీ నది మధ్యలోనే కట్టేసి ఉంటాయి.

గుర్రాలు అమ్మడానికి వచ్చిన ఒక పెద్దాయన తన గుడారం పక్కన పారతో ఇసుక తోడుతుంటే నిలబడి చూశాను. నడుము లోతుకు వచ్చేసరికి ఇసుక రంగు మారింది. ఇంకో జానెడు తవ్వగానే అడుగున నీరు ఊరింది. మొదటి రెండు చెంబులు ముంచి పక్కన పారబోశాడు. మూడో చెంబు తలపాగా కొంగుతో వడగట్టి నా చేతికిచ్చాడు. ఆ నీరు తియ్యగా ఉంది. చిన్నప్పుడు చిత్రావతిలో మేము తీసిన చెలమలే గుర్తుకొచ్చాయి. అయితే గట్టు మీది పొలంలో ఉన్న బోరు నీరు నోట పెట్టుకోలేనంత ఉప్పగా ఉంది. రెండింటికీ మధ్య దూరం రెండు వందల గజాలు కూడా లేదు.

ఇలా ఎందుకు ఉంటుందో తెలిసినవారు వివరించగలరు. మరొక సందేహం కూడా ఉంది. ఏడాదిలో అధికభాగం చుక్క నీరు పారని దీనిని నది అనడం సరైనదేనా, లేక వరద వచ్చినప్పుడు మాత్రమే నిండే పెద్ద వాగు అనాలా?

పాతపటం

పెన్నగట్టు గారు, నేను కర్నూలులో భూగోళశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మీ ప్రశ్నకు సమాధానం ఈ నది పుట్టుకలోనే ఉంది కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను.

లూణీ ఆరావళి శ్రేణిలో, అజ్మీర్ సమీపంలోని నాగ కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 772 మీటర్ల ఎత్తున పుడుతుంది. అక్కడ దాని పేరు సాగరమతి. పుష్కర్ వైపు నుంచి వచ్చే సరస్వతి అనే చిన్న ఏరు గోవింద్‌గఢ్ వద్ద కలిసిన తరువాత లూణీ అనే పేరు వస్తుంది. నాగౌర్, పాలీ, జోధ్‌పూర్, బాలోత్రా, బాడ్‌మేర్, జాలోర్ ప్రాంతాల మీదుగా నైరుతి దిశగా 495 కిలోమీటర్లు సాగి, సముద్రాన్ని చేరకుండానే కచ్ఛ్ రణ్‌లోని ఉప్పు చిత్తడిలో ఇంకిపోతుంది. పరీవాహక ప్రాంతం సుమారు 37 వేల చదరపు కిలోమీటర్లు. మన పెన్నా పొడవు 597 కిలోమీటర్లు అన్నది గుర్తు తెచ్చుకుంటే, లూణీని వాగు అనడానికి మనసొప్పదు.

ఉపనదులలో సూక్డీ, బాండీ, గుహియా, మీఠడీ, జవాయీ, ఖారీ, సాగీ అన్నీ ఆరావళి పడమటి వాలులో పుట్టి ఎడమ గట్టున కలుస్తాయి. కుడి గట్టున కలిసే చెప్పుకోదగిన ఉపనది జోజడీ ఒక్కటే. దానికి ఆరావళితో సంబంధం లేదు. ఇందులో మీఠడీ అంటే తియ్యనిది, ఖారీ అంటే ఉప్పనిది. లూణీ పేరూ లవణం నుంచి వచ్చినదే. సంస్కృతంలో లవణవతి అన్నారు. బాలోత్రా దాకా తీపి, ఆ తరువాత ఉప్పు అని అక్కడి ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నదుల పేర్లలోనే నీటి రుచి రాసిపెట్టుకున్న ప్రాంతం అది.

మిగతా నదులకూ దీనికీ ఉన్న అసలు తేడా ఏమిటంటే, గోదావరి కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది, లూణీ కిందికి దిగేకొద్దీ తరుగుతుంది. అజ్మీర్ ప్రాంతంలో ఏటా 500 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, బాడ్‌మేర్ చేరేసరికి అది 300 లోపుకు పడిపోతుంది. అంటే నీరు చేకూరేదంతా పైభాగంలోనే. దారి పొడుగునా ఇసుక తాగుతుంది, ఎండ తాగుతుంది. చాలా ఏళ్లు రణ్ దాకా ప్రవాహమే వెళ్లదు.

తుంగతీరం

పుష్కర్ నుంచి వచ్చే సరస్వతి అన్నారు. వేదాలలో చెప్పిన సరస్వతి నది ఇదేనా?

పాతపటం

తుంగతీరం గారు, పేరు ఒకటే కాని ఏరు వేరు. వేదకాలపు సరస్వతి గురించి జరిగే చర్చ ప్రధానంగా ఘగ్గర్, హక్రా ఎండు దారుల గురించి. అవి ఎడారి ఉత్తర భాగంలో ఉన్నాయి. పుష్కర్ ఏరు ఆరావళి లోయలో పుట్టే చిన్న ప్రవాహం మాత్రమే.

నిర్వాహకులు

సరస్వతి గురించిన తదుపరి ప్రశ్నలను చరిత్ర విభాగంలో కొత్త చర్చగా పెట్టవలసిందిగా మనవి. ఇక్కడ లూణీకే పరిమితమవుదాం.

ఊటబావి

భూగర్భజల శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేసినవాడిగా చెలమ సంగతి నేను చెప్పగలను. పెన్నగట్టు గారు చూసినది చిన్న వింత కాదు. లూణీ నాగరికత మొత్తం ఆ జానెడు తడి ఇసుక మీదే నిలబడింది.

ముందు ఉప్పు ఎక్కడిదో చూద్దాం. ఆ నేలలో ఏడాదికి ఆవిరి కాగల నీరు, పడే వానకు అయిదు రెట్లకు పైగా ఉంటుంది. ప్రతి వరదా రాళ్ల నుంచి, మట్టి నుంచి కరిగించిన కొద్దిపాటి లవణాన్ని మోసుకొస్తుంది. నీరు ఆవిరవుతుంది, లవణం ఉండిపోతుంది. సముద్రానికి కొట్టుకుపోయే దారి లేదు, వాలు అతి తక్కువ. వేల ఏళ్లు ఇలా జరిగితే నేల కింది నీరంతా ఉప్పు కషాయం అవుతుంది. బాలోత్రా పక్కనున్న పచ్‌పద్రా పల్లం ఇందుకు కళ్లకు కట్టే ఉదాహరణ. అక్కడ ఖార్వాల్ కులస్థులు గోతులు తవ్వి, ఊరిన ఉప్పునీటిలో మొరలీ అనే ముళ్ల పొద కొమ్మలు వేస్తారు. ఆ కొమ్మలను అంటుకుని ఉప్పు పలుకులు కడుతుంది. ఆ పలుకులను విరిచి తీస్తారు. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ, అంటే కాజ్రీ, శాస్త్రవేత్తలు ఈ పల్లాలను లూణీ పూర్వపు దారులతో ముడిపెట్టి అధ్యయనం చేశారు.

ఇక తీపి. వరద వచ్చిన ఆ కొన్ని రోజులలో నది ఇసుకలోకి మంచినీరు దిగుతుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కనుక దాని మీద పొరగా తేలుతుంది. ముతక ఇసుకలో ఘనపరిమాణంలో సుమారు ఐదో వంతు దాకా తోడుకోగల నీరు నిలుస్తుంది. పై మీటరు ఇసుక ఎండిపోయాక అదే కింది నీటికి మూతలాగా పనిచేస్తుంది; ఆ లోతు దాటితే ఎండకు ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది. చెరువులో నిలిపిన నీటిని సూర్యుడు తీసుకుపోతాడు, ఇసుకలో దాచిన నీటిని తీసుకుపోలేడు. గట్టు మీది బోరు ఈ పొరను దాటి కిందికి పోయింది, అందుకే ఉప్పు తగిలింది. పెద్దాయన నడుము లోతు తవ్వి ఆగాడు, అందుకే తీపి దొరికింది.

కాబట్టి నది అనవచ్చునా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. లూణీ ఏడాది పొడవునా ఉంటుంది. మనకు కనిపించే చోట ఉండదు, అంతే. దాని ఆరోగ్యం కొలవాలంటే వంతెన మీద నిలబడి ప్రవాహం చూడటం చాలదు, ఇసుకలోని ఆ మంచినీటి పొర ఎంత మందాన ఉందో చూడాలి.

ఈ పొరకు రెండు రకాలుగా కీడు జరుగుతోంది. మోటార్లతో ఎక్కువగా తోడితే కింది ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. ఒకసారి ఉప్పు ఎగబాకిన బావిలో నీరు మళ్లీ తియ్యగా మారడానికి ఎన్ని వరదలు కావాలో ఎవరూ హామీ ఇవ్వలేరు. రెండవది ఇసుక తవ్వకం. అక్కడ బజరీ అంటారు. నిర్మాణాలకు ఆ ముతక ఇసుకే కావాలి, నీటిని దాచేదీ ఆ ముతక ఇసుకే. పర్యావరణ అనుమతులు లేని బజరీ తవ్వకాన్ని సుప్రీంకోర్టు 2017 నవంబరులో రాజస్థాన్ అంతటా ఆపించింది కాని, రాత్రిపూట ట్రాక్టర్లు ఆగలేదని అక్కడివారంతా చెబుతారు. పెన్నా, చిత్రావతి ఇసుక లారీలకెక్కినప్పుడు చెలమలు ఎలా మాయమయ్యాయో మనవారికి వేరే చెప్పనక్కర్లేదు.

నేతబజారు

నేను గుంటూరు జిల్లాలో బట్టల టోకు వ్యాపారిని. ఈ చర్చ చదువుతుంటే మౌనంగా ఉండలేకపోయాను. మన ఇళ్లలో చీరల కింద కట్టే లంగా బట్ట, నైటీలు కుట్టే పాప్లిన్ చాలావరకు బాలోత్రా నుంచి వస్తాయి. జాకెట్టు రూబియా పాలీ నుంచి వస్తుంది. పాలీ బాండీ నది ఒడ్డున ఉంది, బాలోత్రా లూణీ ఒడ్డునే ఉంది. అద్దకానికి మంచినీరు కావాలి కనుకనే ఈ పరిశ్రమ నది పక్కన పెరిగింది.

సరుకు చూసుకోవడానికి వెళ్లినప్పుడు ఒక అద్దకపు కర్మాగారం లోపలికి తీసుకెళ్లారు. వెనుక గోడ కింది తూము నుంచి ఆ రోజు వేస్తున్న రంగే పారుతోంది. ఆ ఉదయం అది ముదురు నేరేడు రంగు. కాలువ గట్టున మట్టి మీద తెల్లటి పొర పొలుసులు లేచి ఉంది. వేలితో తాకి చూస్తే సబ్బులా జారింది. కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ అని మేస్త్రీ చెప్పాడు.

ఉమ్మడి శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. పాలీలో మొదటిది 1983లోనే వచ్చింది. అయితే ఊటబావి గారు చెప్పిన ఉప్పు సంగతి చదివాక నాకు ఒక విషయం అర్థమైంది. మామూలు శుద్ధి రంగును తగ్గించగలదు, ఆమ్లాన్ని క్షారంతో సమం చేయగలదు, కాని నీటిలో కరిగిన సోడియం లవణాలను తీయలేదు. అంటే అసలే ఉప్పుతో సతమతమయ్యే నదికి శుద్ధి చేసిన నీటి పేరుతో మరింత ఉప్పు పంపుతున్నాము. పాలీ దిగువన సాగునీటికని కట్టిన నేహ్‌డా ఆనకట్టలో అద్దకపు నీరు చేరి, చుట్టుపక్కల బావులు పాడైపోయాయి. రైతులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. జోజడీలోకి జోధ్‌పూర్ అద్దకపు నీటితో పాటు స్టీలు రేకులు కడిగిన ఆమ్లం కూడా వస్తుంది. ఆ నది దుస్థితిని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తనంతట తానుగా విచారణకు తీసుకుంది.

మీటరుకు పావలా తగ్గించమని బేరమాడే మాలాంటి వారి పాత్ర కూడా ఇందులో ఉందని ఒప్పుకుంటున్నాను. లవణాన్ని కూడా వేరుచేసి నీటిని తిరిగి వాడుకునే యంత్రాలు ఉన్నాయి, వాటికి ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు బట్ట ధరలో కనిపించినా కొనడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

జమ్మికొమ్మ

వృక్షశాస్త్రం నా వృత్తి. లూణీ గట్ల వెంబడి పైనుంచి కిందికి నడిస్తే చెట్లే నీటి రుచిని చెబుతాయి. ఎగువన పాలీ, జోధ్‌పూర్ ప్రాంతాల్లో పొలాల నిండా ఖేజ్డీ చెట్లు. అది మన జమ్మి చెట్టే. దసరానాడు మనం పూజించే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. రాజస్థాన్ రాష్ట్ర వృక్షమూ అదే. దాని నీడలో సజ్జ బాగా పండుతుంది, ఆకు మేకలకు మేత, లేత కాయలు కూరకు పనికొస్తాయి. జోధ్‌పూర్‌కు ఆగ్నేయంగా ఉన్న ఖేజడలీ గ్రామంలో 1730లో రాజు మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుకొని బిష్ణోయీ అనే సమాజానికి చెందిన 363 మంది చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు.

బాలోత్రా దాటాక జమ్మి పలచబడి, మిస్వాక్ జాతికి చెందిన జాళ్ చెట్లు, ఫరాస్ చెట్లు కనబడతాయి. ఫరాస్ ఆకుల్లో ఉప్పును బయటికి నెట్టే గ్రంథులుంటాయి. తెల్లవారుజామున ఆకు నాకితే ఉప్పగా తగులుతుంది. జాళ్ పండు పీలూ మండు వేసవిలో పండుతుంది, మరే పండూ దొరకని రోజుల్లో పిల్లలు గిన్నెలతో ఏరుకుంటారు.

నదిగర్భాన్ని ఇప్పుడు ఆక్రమించినది మాత్రం సర్కారు తుమ్మ. ఈ మొక్కకూ మనకూ పాత సంబంధం ఉంది. విదేశాల నుంచి భారతదేశానికి వచ్చిన దీని విత్తనాలను 1877 ప్రాంతంలో నాటినది మన కడప జిల్లాలోనే. జోధ్‌పూర్ సంస్థానం 1940లో దీన్ని రాచమొక్కగా ప్రకటించి, నరకడాన్ని నిషేధించింది. ఇసుక తుఫానులను ఆపడానికి, వంటచెరకుకు అది ఉపయోగపడిన మాట నిజం. కాని దాని వేళ్లు ఊటబావి గారు చెప్పిన ఆ మంచినీటి పొరలోకే దిగుతాయి. పొదలు నది దారిని ఇరుకు చేసి వరదను గట్ల మీదికి తోస్తాయి.

జోజడీ దిగువన డోలీ, అరాబా గ్రామాల్లో మురికినీరు నెలల తరబడి పొలాల్లో నిలిచి జమ్మిచెట్లు నిలువునా ఎండిపోయాయి. కృష్ణజింకలు తిరిగే నేల అది. 363 మంది తలలిచ్చి కాపాడుకున్న చెట్టు తూము నీటికి చచ్చిపోవడం నేను మామూలు విషయంగా తీసుకోలేను.

కాలువకట్ట

అందరూ కష్టాలే చెబుతున్నారు. పెద్ద ఆనకట్టలు కట్టి వరదను నిలిపి, మిగిలినదానికి కాలువల ద్వారా నీరు తెస్తే సమస్య తీరదా? నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరును, ఇది నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పాతపటం

కాలువకట్ట గారు, అవి రెండూ జరిగాయి. బిలాడా దగ్గర మహారాజా జస్వంత్ సింగ్ 1892లో జస్వంత్ సాగర్ కట్టించారు. ఉపనది జవాయీ మీద 1946లో మొదలైన ఆనకట్ట 1957లో పూర్తయింది. మార్వాడ్‌లో, అంటే ఈ పశ్చిమ రాజస్థాన్ ప్రాంతంలో, అంత పెద్ద జలాశయం మరొకటి లేదు, పాలీ నగరానికి తాగునీరు అదే. వాటి మేలును కాదనలేము. కాని 2022 ఏప్రిల్‌లో జవాయీ అడుగంటితే జోధ్‌పూర్ నుంచి పాలీకి రైలులో నీళ్లు పంపవలసి వచ్చింది. జోధ్‌పూర్‌కు ఆ నీరు ఇందిరాగాంధీ కాలువ నుంచి ఎత్తిపోతల ద్వారా వస్తుంది. అంటే హిమాలయాల మంచు కరిగిన నీరు ఎడారి దాటి రైలెక్కి ఆరావళి పాదాల దగ్గరికి చేరింది.

ఎగువన నిలిపిన ప్రతి చిన్న వరదా దిగువ ఇసుకకు అందకుండా పోతుంది. పెద్ద వరద ఎలాగూ ఆగదు; 1979 జులైలో జస్వంత్ సాగర్ కట్టే తెగింది. ఆగేవి ఇసుకను తడిపే మామూలు వరదలు. ఏటా కొంత నీటిని నదికోసమే వదలాలన్నది నా అభిప్రాయం.

ఆవాలచేను

వ్యవసాయ శాస్త్రవేత్తగా జాలోర్‌లో కొంతకాలం ఉన్నాను. వరద అంటే అక్కడ భయం ఒక్కటే కాదు. దిగువన లూణీ నీరు గట్లు దాటి విస్తరించే నేలను రేల్ అనీ, నేడా అనీ పిలుస్తారు. నీరు తగ్గాక మిగిలిన ఒండ్రు తడి మీదే, మళ్లీ తడి పెట్టకుండా, గోధుమ, ఆవాలు పండించడం అక్కడి పాత పద్ధతి. మన పోపులో పడే జీలకర్రలో మంచి భాగం జాలోర్, బాడ్‌మేర్ పొలాల నుంచి గుజరాత్‌లోని ఉంఝా మార్కెట్ మీదుగా వచ్చేదే. సూక్డీ ఒడ్డునున్న సోజత్ గోరింటాకు సంగతి ఆడవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

2008లో నర్మద నీరు కూడా జాలోర్ చేరింది. అక్కడ తుంపర పద్ధతి తప్పనిసరి చేశారు; ఉప్పు నేల మీద నీరు పారిస్తే అడుగు ఉప్పు పైకి వస్తుంది కనుక అది తెలివైన నిర్ణయం. అయితే వరదలు ఈమధ్య అదను తప్పుతున్నాయి. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుఫాను వల్ల నైరుతి రుతుపవనాలు రాకముందే కుండపోత కురిసి సాంచోర్ ప్రాంతం మునిగింది. గింజ వేసే వేళ కాని వేళలో వచ్చిన నీరు రైతుకు ఎలా ఉపయోగపడాలి?

పెన్నగట్టు

అందరికీ కృతజ్ఞతలు. నదా, వాగా అన్న నా ప్రశ్న ఇక అడగను. బాలోత్రాలో మొదటి నీరు వచ్చిన రోజున జనం డోలు వాయించుకుంటూ ఇసుకలోకి దిగి, ఎదురొచ్చే నురుగు ముందు కొబ్బరికాయ కొట్టి, నదికి చునరీ అనే పైవస్త్రం కప్పుతారట. మనం ఏటికి చీర, పసుపు కుంకుమలు సమర్పించినట్టే. ఈ వానాకాలం సెలవు పెట్టి వెళ్లాలనుకుంటున్నాను.

నేతబజారు గారి మాటలు చదివాక సంతలో కలిసిన ఆ పెద్దాయనకు ఫోన్ చేశాను. మొదటి రెండు చెంబులు బురద తేరడానికి పారబోశారని అనుకున్నాను, నిజమేనా అని అడిగాను. బురద కోసం కాదన్నారు. వాసన చూడటానికట. రంగునీరు దిగిన చోట చెలమ మొదటి ఊటలోనే నురగ కడుతుందట, సోడా వాసన వేస్తుందట. ఆ రోజు నాకు నీళ్లిచ్చినది ఆయన తవ్విన మూడో చెలమ. మొదటి రెండూ, గుర్రాలు తాగకుండా, నేను రాకముందే పూడ్చేశారట.